పాత మెకానిక్ పెట్టెలో పేరు తెలియని పనిముట్లు: ఒక్కొక్కటీ గుర్తుపట్టే పద్ధతి

మా మేనమామకి విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు ఉండేది. అంబాసిడర్లు, జీపులు, అప్పుడప్పుడు ఒక ఫియట్, మధ్యలో తెలిసినవాళ్ల స్కూటర్లు. ఆయన పోయాక షెడ్డు ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు మూడు చెక్కపెట్టెలు, ఒక గోనెసంచి నిండా ఇనుము బయటపడింది. పాత ఇనుము కొనే అతను సంచిని ఒకసారి చేత్తో ఎత్తి చూసి, "కాటా వేసేద్దాం సార్, కిలో లెక్కన ఇచ్చేస్తా" అన్నాడు. పానాలు, సుత్తులు ఉంచుకుని మిగతాది ఇచ్చేద్దామని అత్తయ్య కూడా అంది.

ఆ మిగతాదాన్ని నేను ఇంటికి తెచ్చుకున్నాను. నెలల తరబడి సాయంత్రాలు కూర్చుని ఒక్కోటీ ఏమిటో తెలుసుకున్నాను. అలా పట్టుబడిన పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లోనూ నాన్నదో తాతదో అలాంటి పెట్టె ఉంటే, తూకానికి వేసేముందు ఒక్కసారి ఇది చదవండి.

ముందుగా ఒక్క మాట. మామూలు పానా పది పనులకి పనికొస్తుంది. వింతగా కనిపించే పనిముట్టు మాత్రం ఎప్పుడూ ఒకే ఒక్క భాగం కోసం పుట్టి ఉంటుంది. ఆ భాగం ఎంత వెడల్పు, ఎంత లోతు, దాని దగ్గరికి చెయ్యి ఎటు నుంచి వెళ్లాలి అన్నవన్నీ పనిముట్టు ఒంటి మీదే అచ్చు పడి ఉంటాయి. కాబట్టి పేరు కోసం తర్వాత వెతకొచ్చు. ముందు అది ఏ భాగాన్ని పట్టుకునేదో ఆలోచించండి.

1. తోమకండి, విడదీయకండి

పెట్టె తెరవగానే ఉన్నది ఉన్నట్టు ఫోటో తీయండి. మెకానిక్ కలిపి చుట్టి పెట్టినవి కలిసి పనిచేసేవే అయి ఉంటాయి. మామయ్య పెట్టెలో ఒక నూనెగుడ్డ మూటలో సన్నటి ఉక్కు కడ్డీలు నాలుగు, పళ్ల చక్రాల్లాంటివి మూడు ఉన్నాయి. నేను వాటిని విడదీసి వేర్వేరు డబ్బాల్లో వేశాను. ఆ చక్రాలు వాల్వ్ సీటు (ఇంజన్ వాల్వ్ వచ్చి కూర్చునే అంచు) కోసే కట్టర్లనీ, కడ్డీలు వాల్వ్ గైడ్‌లో (వాల్వ్ కాడ కదిలే గొట్టంలో) దిగి కట్టర్‌ని నిటారుగా నిలబెట్టే పైలట్లనీ తెలిశాక మళ్లీ జత కలపడానికి రెండు రోజులు పట్టింది.

అంతకంటే పెద్ద పొరపాటు ఇంకోటి చేశాను. తుప్పు పట్టిన ఒక పానా మీద గ్రైండర్‌కి వైర్ బ్రష్ తగిలించి రుద్దాను. తుప్పుతోపాటు అక్షరాలూ పోయాయి. అది ఎక్కడ తయారైందో ఇక ఎప్పటికీ తెలియదు. మెత్తటి ఇత్తడి బ్రష్, కిరసనాయిలు, పాత గుడ్డ చాలు. మొండి తుప్పు ఉంటే ఒక రాత్రంతా కిరసనాయిల్లో నాననివ్వండి.

ఇంకో జాగ్రత్త. పాత రోజుల్లో బ్రేక్ లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ వాడేవారు. బ్రేక్ పనిముట్లున్న సంచిలో ఆ దుమ్ము ఉండొచ్చు. నోటితో ఊదడం, గాలి కొట్టడం చేయకండి. మాస్క్ పెట్టుకుని తడిగుడ్డతో తుడవండి.

2. అక్షరాలు చదవండి

అరిగిపోయిన ముద్రలు మామూలు వెలుతురులో కనబడవు. గది చీకటి చేసి, సెల్‌ఫోన్ టార్చి పక్కనుంచి వాలుగా వేయండి. అక్షరాల నీడ లేస్తుంది. అయినా తెలియకపోతే కొంచెం ముగ్గుపిండి వేలితో రుద్ది, పైపైన తుడిచేయండి. గుంటల్లో తెల్లగా నిలిచిపోయి అక్షరం కనిపిస్తుంది. నాకు సగం ముద్రలు ఈ ముగ్గుపిండితోనే దొరికాయి.

ఏమేమి కనబడొచ్చంటే:

పైకి చూసే మూడు గీతల బాణం గుర్తు, పక్కన 1942 లాంటి సంవత్సరం ఉంటే అది బ్రిటిష్ సైన్యం సరుకు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత మిలిటరీ డిస్పోజల్స్‌లో (సైన్యం మిగులు సరుకు అమ్మకాల్లో) వాహనాలతోపాటు పనిముట్లు కూడా బజారుకి వచ్చాయి. జీపు మెకానిక్‌ల పెట్టెల్లో ఈ బాణం గుర్తు కనబడితే ఆశ్చర్యం అక్కర్లేదు.

"వెస్ట్ జర్మనీ" అని ఉంటే 1949కీ 1990కీ మధ్యది. "ఆక్యుపైడ్ జపాన్" అని ఉంటే యుద్ధం తర్వాతి ఆ కొద్ది సంవత్సరాలదే, 1952 దాటదు.

పేటెంట్ నంబరు ఉంటే మీ పంట పండినట్టే. అమెరికా పేటెంట్లలో పది లక్షలో నంబరు 1911లో, ఇరవై లక్షలో నంబరు 1935లో, ముప్పై లక్షలో నంబరు 1961లో వచ్చాయి. ఈ మూడూ గుర్తుంచుకుంటే నంబరు చూసి కాలం చెప్పేయొచ్చు. గూగుల్ పేటెంట్స్‌లో ఆ నంబరు కొడితే పనిముట్టు బొమ్మ, అది ఏ పనికో వివరణ రెండూ వస్తాయి. అయితే పేటెంట్ వచ్చిన ఏడాదే వస్తువు తయారైన ఏడాది అనుకోకండి. ఆ నంబరుతో చాలా ఏళ్లు తయారు చేస్తూనే ఉంటారు.

కంపెనీ స్పెషల్ టూల్స్ నంబర్లు ఇంకా ముఖ్యం. అంబాసిడర్ పుట్టింది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి. ఆ కార్లు చేసిన బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ తన స్పెషల్ టూల్స్‌కి "18జీ" అని మొదలుపెట్టి నంబర్లు ఇచ్చేది. ఫియట్ వాళ్లవి "ఏ" అక్షరం, దాని తర్వాత ఐదంకెలు. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కి మూలమైన బ్రిటిష్ కార్ల స్పెషల్ టూల్స్ మీద "చర్చిల్" అని ఉంటుంది. ఇలాంటి నంబరు దొరికితే ఆ బండి వర్క్‌షాప్ మాన్యువల్ చివర్లో స్పెషల్ టూల్స్ పట్టిక చూడండి. బొమ్మతో సహా ఉంటుంది.

3. నోరు కొలవండి

ఇక్కడే ఎక్కువమంది తికమకపడతారు. పానా మీద 1/4 అని ఉంటుంది. నోరు చూస్తే అర అంగుళం దాటి ఉంటుంది. ముద్ర తప్పు పడిందనుకుంటారు. తప్పు కాదు. అది విట్‌వర్త్ పానా.

జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1841లో మరల కొలతలకి ఒక పద్ధతి ప్రతిపాదించాడు. ఆ పద్ధతిలో పానా మీద రాసే అంకె బోల్టు కడ్డీ మందం. పానా పట్టుకునే తల వెడల్పు దానికంటే చాలా ఎక్కువ. 1/4 డబ్ల్యూ (విట్‌వర్త్) అని ఉన్న పానా నోరు 0.525 అంగుళం, అంటే సుమారు 13.3 మిల్లీమీటర్లు. 5/16 డబ్ల్యూ అయితే 15.2, 3/8 డబ్ల్యూ అయితే 18, 7/16 డబ్ల్యూ అయితే 20.8 మిల్లీమీటర్లు. 1908లో వచ్చిన బీఎస్ఎఫ్ (బ్రిటిష్ స్టాండర్డ్ ఫైన్) మరలకి తలలు ఒక సైజు చిన్నవి. అందుకే ఒకే నోటి మీద 1/4 డబ్ల్యూ, 5/16 బీఎస్ఎఫ్ అని రెండు అంకెలు కనబడతాయి.

ఏఎఫ్ (అక్రాస్ ఫ్లాట్స్, అంటే నట్టు ఎదురెదురు పలకల మధ్య దూరం) పానాల మీద రాసింది నోటి వెడల్పే. 1/2 ఏఎఫ్ అంటే నోరు అర అంగుళం, 12.7 మిల్లీమీటర్లు. 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి ఒకే రకం మరల కొలతలకి ఒప్పుకున్నాక బ్రిటిష్ కార్లు నెమ్మదిగా ఇటు మళ్లాయి. అంబాసిడర్ మెకానిక్ పెట్టెలో ఏఎఫ్ పానాలే ఎక్కువ ఉండటానికి కారణం ఇదే. విల్లీస్ జీపు అమెరికాది కాబట్టి దానికీ ఇవే. ఫియట్‌కి, తర్వాత ప్రీమియర్ పద్మినికి మిల్లీమీటర్ పానాలు. డబ్ల్యూ పానాలు గుట్టగా ఉంటే ఆ మనిషి పాత బుల్లెట్ల మీదో, ఇంకా పాత ఇంగ్లీషు బండ్ల మీదో పనిచేసి ఉంటాడు. బొటనవేలంత చిన్న పానాలుండి వాటి మీద బీఏ (బ్రిటిష్ అసోసియేషన్ అనే చిన్న మరల కొలత) అని ఉంటే డిస్ట్రిబ్యూటర్, డైనమో లాంటి లూకాస్ కంపెనీ ఎలక్ట్రికల్ సామాను కోసం వాడినవి. 2 బీఏ నోరు 8.2 మిల్లీమీటర్లు, 4 బీఏ 6.3.

కొలవడానికి వెర్నియర్ (మిల్లీమీటర్‌లో పదో వంతు కూడా చూపే కొలత పనిముట్టు) ఉంటే మంచిది. నోరు ఎప్పుడూ నట్టు కంటే కొంచెం వదులుగా చేస్తారు కాబట్టి కొలత మిల్లీమీటర్‌లో పాయింట్ ఒకటీ రెండూ ఎక్కువే వస్తుంది. వాడి వాడి చివర్లు తెరుచుకుపోతాయి. అందుకని నోటి అంచున కాకుండా లోపలివైపు కొలవండి.

నోటి వెడల్పుతోపాటు మందం కూడా చూడాలి. మా పెట్టెలో రేకులా పల్చటి పానాలు రెండు ఉన్నాయి. పొడుగ్గా, మామూలు పానాలో సగం మందం కూడా లేకుండా. చవకరకం అని పారేయబోయాను. అవి ట్యాపెట్ (వాల్వ్‌ని తోసే చిన్న ముక్క) పానాలు. పాత విల్లీస్ ఇంజన్‌లో వాల్వులు పక్కన బ్లాకులోనే ఉంటాయి. అక్కడి ట్యాపెట్‌ని ఒక పానాతో కదలకుండా పట్టుకుని, దాని తల మీది స్క్రూని ఇంకో పానాతో తిప్పాలి. రెండూ ఇరుకు సందులో ఒకదాని మీద ఒకటి పట్టాలి. అందుకే ఆ పల్చదనం, అందుకే అవి జతగా ఉంటాయి. వాటితో బిగిసిన నట్టు విప్పితే వంగిపోతాయి. మా వాటిలో ఒకటి అలాగే కొంచెం వంగి ఉంది. ఎవరో తొందరలో వేరే పనికి వాడారన్నమాట.

4. చేతిలోకి తీసుకుని కదిపి చూడండి

నన్ను ఒడ్డున పడేసింది ఈ అడుగే. పిడి ఉన్న ప్రతి పనిముట్టునీ ఒకసారి నొక్కి చూడండి. మామూలు కటింగ్ ప్లేయర్ పిడి నొక్కితే నోరు మూసుకుంటుంది. పిడి నొక్కితే నోరు తెరుచుకుంటుందంటే అది దేన్నో విప్పార్చే పనిముట్టు. అలాంటివి మోటారు పనిలో కొద్ది రకాలే: పిస్టన్ రింగులు విప్పార్చేది, షాఫ్ట్ మీది సర్క్లిప్పులు (భాగాలు జారకుండా గాడిలో కూర్చునే తెగిన ఉక్కు రింగులు) తీసేది, వాల్వ్ స్ప్రింగ్ ఎత్తేది.

ఈ మూడింటినీ ఒకదానితో ఒకటి పొరబడకుండా చివర్లు చూడాలి. సర్క్లిప్ ప్లేయర్‌కి సన్నటి మొలల్లాంటి చివర్లు ఉంటాయి. రింగు ఎక్స్‌పాండర్‌కి చిన్న చిన్న మెట్లు ఉండి, రింగు తెగిన చోట రెండు కొసల్నీ పట్టుకుంటుంది. చాలావాటికి రింగు చుట్టూ ఆనుకునే గుండ్రటి పట్టీ కూడా ఉంటుంది, రింగు విరగకుండా. మూడోది మూరెడు పొడుగుండి, చివర్లు రెండు పల్చటి పంగల్లా ఉంటే అది జీపు వాల్వ్ లిఫ్టర్. పాత విల్లీస్‌లో అన్ని వాల్వులకీ, సీజే-3బీ హరికేన్ ఇంజన్‌లో ఎగ్జాస్ట్ వాల్వులకీ ఇది వాడతారు. రెండు పంగలూ స్ప్రింగు కిందా ట్యాపెట్ పైనా దూరి, పిడి నొక్కగానే స్ప్రింగుని పైకెత్తుతాయి. అంబాసిడర్‌లో వాల్వులు హెడ్‌లో ఉంటాయి కాబట్టి దానికి వేరే ఆకారం కావాలి. హెడ్ చుట్టూ తిరిగొచ్చే పెద్ద సీ ఆకారం క్లాంపు, ఒక కొసన వాల్వ్ తలని ఆనుకునే బొడిపె, రెండో కొసన స్ప్రింగు టోపీని నొక్కే పంగ. ఒకే పని, రెండు రూపాలు. ఆ తేడాని ఇంజన్ నిర్ణయించింది.

తర్వాత అరుగుదల చూడండి. సుత్తి దెబ్బలు తిన్న చోట ఇనుము పుట్టగొడుగులా విచ్చుకుని ఉంటుంది. అంటే అది డ్రిఫ్టు (సుత్తితో కొట్టి భాగాల్ని దించే, ఊడగొట్టే కడ్డీ), లేదా కొట్టి ఊడదీసే పుల్లరు. నునుపుగా మెరిసే చోట ఏదో భాగం తిరుగుతూ రాసుకుంది. నూనె మరకలు ఎంతవరకు ఉన్నాయో అంత లోతుకి లోపలికి వెళ్లేది. పిడి మీద ఏ వేలు ఎక్కడ పడిందో కూడా తెలుస్తుంది. మామయ్యది ఎడమచేతి వాటం. ఆయన బ్రేక్ చెంచా మీద బొటనవేలి అరుగు కుడిచేతివాళ్లకి ఎదురువైపు ఉంది.

బ్రేక్ చెంచా అన్నాను కదా. ఎస్ ఆకారంలో వంగిన పొట్టి కడ్డీ, రెండు చివర్లూ పల్చగా నాలుకలా ఉంటాయి. డ్రమ్ము వెనక పలక రంధ్రంలోంచి లోపలికి దూర్చి, అడ్జస్టర్ పళ్లచక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున తిప్పుతారు. చాలామంది దీన్ని టైరు లివరు అనుకుంటారు.

5. ఎక్కువగా తికమకపెట్టేవి

గోనెసంచి అడుగున ఒక వస్తువు దొరికింది. అరచేతికి కొంచెం పెద్ద. రెండు వంపు చేతులు మడతబందులా కలిసి గుండ్రంగా మూసుకుంటాయి. ఒక చేతికి చిన్న చక్రం, ఆ చక్రానికి ఐదు చదరపు పళ్లు. ఐదూ ఐదు వెడల్పులు. ఒక పన్ను లోపలికి చూసేలా చక్రాన్ని తిప్పి బిగించొచ్చు. మా ఇంట్లో అందరూ ఒక్కో పేరు చెప్పారు. అత్తయ్య కొబ్బరికాయకి సంబంధించిందేమో అంది.

వెర్నియర్‌తో పళ్లు కొలిచాను. సన్నది 3/32 అంగుళం, తర్వాత 1/8, 5/32, 3/16, 1/4. ఇంత క్రమంగా పెరిగే వెడల్పులు ఏ భాగానికి ఉంటాయి? పిస్టన్ గాడులకి. పైన కంప్రెషన్ రింగుల గాడులు సన్నం, కింద ఆయిల్ రింగు గాడి వెడల్పు. పెట్టెలోనే ఉన్న ఒక పాత పిస్టన్ చుట్టూ పెట్టి చూస్తే 5/32 పన్ను గాడిలో అతికినట్టు దిగింది. మూసి తిప్పగానే ఎన్నేళ్ల నాటిదో కార్బన్ నల్లటి పొడిగా రాలింది. అది పిస్టన్ గాడి శుభ్రం చేసే కట్టరు. ఇది లేనివాళ్లు విరిగిన పాత రింగు ముక్కతో గీకేవాళ్లు.

కర్ర పిడికి రెండు చివరలా రబ్బరు కప్పులుంటే అది వాల్వ్ గ్రైండింగ్ స్టిక్. వాల్వ్ తలకి కప్పు అతికించి, పేస్టు రాసి, కవ్వం తిప్పినట్టు రెండు అరచేతుల మధ్య తిప్పుతారు. రబ్బరు ఎండి రాలిపోతే ఉత్తి కర్రలా మిగిలి పొయ్యిలోకి పోతుంది.

మూడు కాళ్లతో గొడుగు మడిచినట్టు ఉండేవి రెండు రకాలు. కాళ్ల చివర రాళ్లుంటే సిలిండర్ లోపలి గోడని సానపెట్టే హోన్. ఒక చోట గట్టి కట్టరు ముక్క, నెత్తిన ఆరు పలకల తల ఉంటే రిడ్జ్ రీమర్: రింగులు చేరని సిలిండర్ పైఅంచున మిగిలిపోయే గట్టుని కోసేది.

పొడుగాటి కడ్డీ మధ్యలో ఏటవాలు గాడుల్లో కత్తుల్లాంటి పట్టీలు, అటూ ఇటూ నట్లు ఉంటే అది సైజు మార్చుకునే రీమరు. నట్లు ఒకవైపు నడిపితే పట్టీలు గాడిలో పైకెక్కి వెడల్పవుతాయి. కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కకి తిరిగే ఇరుసు) బుష్షులకి వాడేవారు. పట్టీల అంచు దెబ్బతినకుండా గుడ్డలో చుట్టి ఉంచండి.

మెట్లు మెట్లుగా సన్నబడే గుండ్రటి కడ్డీ కనబడితే డ్రిఫ్టు అని తొందరపడకండి. సుత్తి దెబ్బ గుర్తు లేకపోతే అది క్లచ్ ప్లేటుని మధ్యలో నిలబెట్టే అలైనర్ కావచ్చు. చాలా షెడ్లలో దీనికి బదులు పాత గేర్‌బాక్సు షాఫ్టే కోసి పెట్టుకుంటారు. మామయ్యదీ అదే. పళ్ల గాడులు ఉన్నాయి కాబట్టి వెంటనే తెలిసిపోయింది.

చెంచాలా వంగి, మూడు అంచుల కత్తిలా ఉండే పనిముట్టు బేరింగ్ స్క్రేపర్. తెల్లలోహం పోసిన పాత బేరింగుల్ని షాఫ్టుకి సరిపోయేలా గీకడానికి. షాఫ్టుకి నీలిరంగు రాసి తిప్పి, రంగు అంటిన ఎత్తుల్ని మాత్రమే పల్చగా గీకేవారు. అంబాసిడర్‌కి రెడీమేడ్ షెల్ బేరింగులు కాబట్టి ఇది మా పెట్టెలో ఎందుకుందో చాలాకాలం అర్థం కాలేదు. తొలిరోజుల్లో మామయ్య పొలాల ఆయిల్ ఇంజన్లు కూడా బాగుచేసేవాడని అత్తయ్య చెప్పింది. పనిముట్టు వల్ల ఆయన జీవితంలో నాకు తెలియని ముక్క ఒకటి దొరికింది.

స్కూటర్ పనిముట్లు తేలిక. బయట మరలు, మధ్యలో బోల్టు ఉన్న ఉక్కు బిళ్ల, ఇంజన్ మాగ్నెట్ చక్రాన్ని ఊడదీసే మాగ్నెట్ పుల్లర్. కోటగోడ బురుజుల్లా నాలుగు పళ్లున్న గొట్టం పాత స్కూటర్ క్లచ్ నట్టుకి.

6. షెడ్డులో తయారైనవి

మన షెడ్లలో ఏ కంపెనీ ముద్రా లేని పనిముట్లు చాలా ఉంటాయి. వెల్డింగ్ పూసలు, ఒకవైపు కోసిన పానా, కడ్డీకి అతికించిన నట్టు, కమాను కట్ట ముక్కతో చేసిన లివరు. ఇవే నాకు ఎక్కువ ఇష్టం, గుర్తుపట్టడానికి కష్టమైనవీ ఇవే, ఎందుకంటే మాన్యువల్‌లో బొమ్మ ఉండదు. ఇక్కడ ఒకటే ప్రశ్న వేసుకోండి: ఈ మామూలు వస్తువుని ఎందుకు వంచారు? అరవై డిగ్రీలు వంచిన రింగు పానా ఉందంటే, ఆ కోణంలో తప్ప చెయ్యి పట్టని నట్టు ఒకటి ఏదో బండిలో ఉంది. మ్యానిఫోల్డ్ కింద, స్టార్టర్ వెనక, డిస్ట్రిబ్యూటర్ కింద. ముందు అవే చూడండి.

7. తెలిసినవాళ్ల చేతిలో పెట్టండి

ఫోటో చూపించి అడిగితే సగమే వస్తుంది. వస్తువు తీసుకెళ్లి పెద్ద మేస్త్రీ చేతిలో పెట్టండి. "ఇదేంటి?" అని అడగకుండా ఊరుకోండి. చెయ్యి దానంతటదే పట్టుకునే తీరు చూడండి. నేను ఒక వంకర కడ్డీ తీసుకెళ్లినప్పుడు మామయ్య దగ్గర పని నేర్చుకున్న బాబాయ్ ఒకాయన టీ గ్లాసు కింద పెట్టి, దాన్ని తలకిందులుగా పట్టుకుని, గాల్లోనే మణికట్టు తిప్పాడు. "ఏరా అబ్బాయ్, మీ మామ హ్యాండ్‌బ్రేక్ స్ప్రింగు కొక్కెం ఇది. నా ఎదురుగానే వంచాడు" అన్నాడు. నేను అన్నాళ్లూ దాన్ని రెండో కొసన పట్టుకుని చూస్తున్నాను.

అలాంటి మేస్త్రీ మాటలు ఫోన్‌లో రికార్డు చేసుకోండి, అడిగి. హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత పనిముట్లు అమ్మేవాళ్లని కూడా అడగొచ్చు. కానీ అమ్మే ఉద్దేశం ఉన్నట్టు కనబడితే మాట మారుతుంది.

8. రాసి కట్టండి

గుర్తుపట్టిన ప్రతిదానికీ అట్టముక్క ఒకటి దారంతో కట్టండి. దాని మీద నాలుగే రాయండి: పేరు, ఏ బండి, ఏ భాగం, ఎవరు చెప్పారు. మీకే తోచింది అయితే "అనుకుంటున్నాను" అని రాయండి. ఇది చాలా ముఖ్యం, తర్వాత చూసేవాళ్లు మీ ఊహని నిజం అనుకోకూడదు. ముద్రలు, కొలతలు వెనకవైపు రాయండి. తర్వాత మెషిన్ ఆయిల్ పల్చగా పూసి పొడిగుడ్డలో చుట్టండి.

వాడాలనిపిస్తే చిన్నవాటితో మొదలుపెట్టండి. పుల్లర్లు, స్ప్రింగు నొక్కే క్లాంపులు మాత్రం పగుళ్లు లేవని చూసుకోకుండా వాడకండి. కిరసనాయిల్లో ముంచి, తుడిచి, సుద్దపొడి చల్లితే పగులు ఉన్న చోట తడి గీతలా బయటికొస్తుంది. మా హబ్ పుల్లర్ ఒక కాలికి అలా సన్నటి గీత వచ్చింది. దాని అట్టముక్క మీద ఎర్ర ఇంకుతో "వాడొద్దు" అని రాసి పెట్టాను.

మూడు పెట్టెల్లో ఇంకా నాలుగు వస్తువులకి అట్టముక్క ఖాళీగా ఉంది. వాటిలో ఒకటి జేబులో వేసుకుని తిరుగుతున్నాను: వేలెడు పొడుగు ఇత్తడి గొట్టం, ఒక కొసన రెండు గాట్లు, రెండో కొసన మామయ్య చేతిరాతలా గీసిన మూడు గీతలు. వచ్చే ఆదివారం బాబాయ్ దగ్గరికి తీసుకెళ్తున్నాను.